చిటికెన వేలు

పరుగు!

వెనక తలుపు విరిగిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

వైన్ షాపు అక్క తన షాపు షట్టర్ కిందనుంచి దూరి రోడ్డు మీద పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. పోతే పోయింది!

ఫోన్ కూడా కౌంటర్ మీదే ఉండిపోయింది. అదీ అసలు ఏడుపు.

ఇప్పుడిప్పుడే చీకటి పడింది. వీధిలో పురుగు లేదు. చీకటి పడితే కర్ఫ్యూ. దీపాలన్నీ గొడవల్లోనే పగిలిపోయాయి.

పక్కింటి తలుపు బాదింది.

"అన్నయ్యా, తలుపు తియ్యి... నేను, వైన్ షాపు దాన్ని."

లోపల వెలుగుతున్న లైటు ఆరిపోయింది.

ఛీ, మీ ఇరుగుపొరుగు మండ!

వెనక బూట్ల చప్పుడు. తొందరలేని చప్పుడు. ఎక్కడికి పోతుందిలే అన్నట్టు వస్తున్నాడు.

అంతా తన చెయ్యి చేసిన నిర్వాకం.

ఆమె షాపుకి ఇనప గ్రిల్. అందులో చెయ్యి పట్టేంత కిటికీ. ఇన్నేళ్లుగా ఆమె చూసేది మొహాలు కాదు, చేతులు. సిమెంటు చెయ్యి వస్తే మేస్త్రీ, క్వార్టర్. ఉంగరాల చెయ్యి వస్తే బ్రోకరు, ఫుల్ బాటిల్. ఎవరి చెయ్యి లోపలికొస్తే వాళ్ల సీసా అడక్కుండానే బయటికి వెళ్లిపోతుంది.

హెల్మెట్ తియ్యనివాడు ఒకడున్నాడు. నోరు విప్పడు. కౌంటర్ మీద వేళ్లతో టక్... టక్. హాఫ్ బ్రాందీ, ఒక సోడా. అతని చిటికెన వేలు ముడుచుకోదు. ఏది పట్టుకున్నా అదొక్కటీ నిటారుగా నిలబడుతుంది.

గొడవల రోజు ఎదురు వైన్ షాపుకి నిప్పు పెట్టారు. గుంపు ఇంకా వీధి చివరే ఉంది. మొహానికి గుడ్డ కట్టుకున్నవాడొకడు ముందే వచ్చి పెట్రోలు డబ్బా వంచాడు. ఆమె గ్రిల్లోంచి చూసింది.

డబ్బా పట్టుకున్న చేతికి ఒక వేలు నిటారుగా ఉంది!

ఆ షాపు పెద్దాయన కొడుకు మేడమీద నిద్రపోతున్నాడు. మళ్లీ లేవలేదు.

పోలీసులు పట్టుకెళ్లింది ఆమె తమ్ముణ్ని. అంతకుముందు బేరాల క్యూ దగ్గర పెద్దాయనతో మాటా మాటా పెరిగి, "మీ షాపు తగలబెడతా" అని నోరు జారాడు వెధవ. వీధంతా విన్నది. హత్య కేసు.

"వేలు చూశాను సార్," అంది ఆమె ఎస్సైతో.

"వేలికి బేడీలు ఎలా వెయ్యమంటావమ్మా? మొహం చూపించు," అన్నాడాయన.

ఆ మొహం కోసమే ఇవాళ షాపు తెరిచింది. తాగుడు మరిగినవాడు ఎన్నాళ్లు ఆగుతాడు? వస్తాడు. ఎప్పట్లాగే సీసా ఇవ్వాలి, చిల్లర లేదని నిలబెట్టాలి, ఎస్సైకి ఫోన్ కొట్టాలి. అంతే ప్లాను.

వచ్చాడు. టక్... టక్.

రెండో టక్ వినబడకముందే ర్యాకు మీదకి వెళ్లే ఆమె చెయ్యి ఇవాళ ఆగిపోయింది.

ఒక్క క్షణం.

హెల్మెట్ పక్కకి వంగింది. కిటికీలోంచి చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. ఆ తర్వాత వెనక తలుపు విరిగింది...

ఇప్పుడు వీధిలో తెరిచి ఉన్నది ఒకటే. కాలిపోయిన ఎదురు షాపు. దానికి షట్టరే లేదు, ఇంక మూసేదేముంది? గోడ మీద ఒకావిడ బొగ్గుతో రాసింది... ఈ వీధిలో మందు షాపు వద్దు. రాసినావిడ మొగుడే పొద్దున ఆమెకు మొదటి బేరం.

లోపలికి దూకింది.

చెప్పులేని కాలికి గాజుపెంకు దిగింది. అరుపుని పళ్ల మధ్య నొక్కేసింది.

"అడుగు ముందుకేస్తే కాల్చేస్తా."

టార్చి వెలుగు మొహమ్మీద పడింది. దాని పక్కన తుపాకీ గొట్టం. మసిపట్టిన స్టూలు మీద పెద్దాయన. మిగిలిన నాలుగు సీసాలు ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నాడు.

"తమ్ముడు తగలబెట్టింది చాల్లేదా? అక్క వచ్చిందా?"

"బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా. తగలబెట్టినవాడు నా వెనకాల వస్తున్నాడు."

"ఎవడు?"

"మొహం చూళ్లేదు బాబాయ్. హెల్మెట్. చిటికెన వేలు ముడవలేడు. రోజూ నా దగ్గరే కొంటాడు... హాఫ్ బ్రాందీ. ఆ రోజు డబ్బా పట్టుకున్నది ఆ చెయ్యే. ఒట్టు!"

పెద్దాయన టార్చిని గుమ్మం వైపు తిప్పాడు.



"నా వెనక్కి రా," అన్నాడు.

బూట్లు గుమ్మంలోకొచ్చాయి. గాజుపెంకులు కరకరమన్నాయి. హెల్మెట్ లోపలికొచ్చి, టార్చి వెలుగుకి ఆగింది.

"మామయ్యా... నేనే."

హెల్మెట్ పైకి లేచింది.

ఎదురు షాపు అల్లుడు! గల్లాపెట్టె వెనకాల తెల్లచొక్కా వేసుకుని, తలెత్తకుండా కూర్చునే అల్లుడు. మందు ముట్టినవాణ్ని పెద్దాయన గల్లా దగ్గర కూర్చోనివ్వడని వీధి వీధంతా తెలుసు. అందుకే హెల్మెట్! సొంత షాపులో ముట్టుకోకుండా, రోడ్డు దాటి తన దగ్గరికొచ్చి...

తను దాక్కున్నది వాడి షాపులోనే.

"ఈవిడ మిగిలింది కూడా తగలెయ్యడానికొచ్చింది మామయ్యా. నేను చూసి తరుముకొచ్చా. తుపాకీ ఇలా ఇవ్వండి. మీ చేతులు వణుకుతున్నాయి."

చెయ్యి చాపాడు. నాలుగు వేళ్లు వంగాయి. ఒకటి వంగలేదు.

"బాబాయ్, ఇవ్వకు. ఆ చెయ్యే... చూడు బాబాయ్."

పెద్దాయన చూశాడు. ఆ వేలు ఆయనకి కొత్తా? పెళ్లి పీటల మీద కూతురి చెయ్యి పెట్టింది ఆ చేతిలోనే.

మెల్లగా లేచాడు. తుపాకీ ఇవ్వబోతున్నట్టు ముందుకి చాపాడు.

అయిపోయింది. తమ్ముడు ఇంక బయటికి రాడు. తనూ ఇక్కణ్నుంచి బయటికి పోదు. ఎంతైనా వాళ్లూ వాళ్లూ ఒకటి.

"అల్లుడూ," అన్నాడు పెద్దాయన. గొంతు మామూలుగానే ఉంది. "ఆ రోజు చిన్నోడు మేడమీద పడుకున్నాడని నీకు తెలుసా?"

"లేదు మామయ్యా! వాడు ఊరెళ్లాడనుకునే నేను..."

ఆగిపోయాడు.

ముగ్గురూ విన్నారు.

"మామయ్యా... గుంపు ఎలాగూ తగలబెట్టేదే. ఇన్సూరెన్సు వస్తుందని... మన కోసమే మామయ్యా..."

ఢాం!

ఆమె చెవులు మూసుకుని కూలబడింది. కళ్లు తెరిచేసరికి అల్లుడు మసిలో వెల్లకిలా పడున్నాడు. కదలటంలేదు.

పెద్దాయన మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. తుపాకీ కింద పెట్టి, జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎస్సైకి చెయ్యమ్మా. నీ తమ్ముడి సంగతి నేనే చెప్తా, నేను కాల్చిన సంగతీ చెప్తా."

ఆమె నంబరు నొక్కింది.

"మాట్లాడాక ఫోన్ మళ్లీ నాకియ్యి," అన్నాడాయన. "అమ్మాయి అన్నం వండుకుని వీడి కోసం చూస్తుంటుంది. దానికి కూడా నేనే చెప్పాలి."