చాయ్‌కు పోయిన ఫార్మసిస్టు

కోరుట్లలో చాంద్ పాషా మందుల షాపు ఇంటి ముందుగదిలోనే ఉంది. గోడకు అద్దం కట్టి తగిలించిన సర్టిఫికెట్ దశరథానిది. నెలనెలా దానికి కిరాయి పుచ్చుకునే ఆ ఫార్మసిస్టు మొహం గిరాకీలెవరూ చూడలేదు. తనిఖీకి ఆఫీసరు వచ్చి ఫార్మసిస్టు ఏడని అడిగితే చాంద్ పాషా తడుముకోకుండా, "చాయ్‌కు పోయిండు సార్" అనేవాడు.

ఆ పొద్దున ఇంట్లో ఒకటే హడావిడి. ప్రత్యేక తెలంగాణ కోసం మర్నాటి నుంచి బంద్. డి.ఫార్మసీ పాసై, ఆస్పత్రిలో ట్రైనింగు కూడా ముగించిన కూతురు ఫౌజియా హైదరాబాదు ఫార్మసీ కౌన్సిల్ ఆఫీసులో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, ఫార్మసిస్టుగా పేరు ఎక్కించుకోవాలి. ఇవాళ తప్పితే ఆ ఆఫీసు మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. మైమూనా బీ కూతురికి టిఫిన్ డబ్బా సర్దుతోంది. చాంద్ పాషా ఫోన్లో ఉన్నాడు.

"ఫికర్ చెయ్యకు ఫిరోజ్ భాయ్. మా బిడ్డ సర్టిఫికెట్ సిరిసిల్లల నీ షాపు గోడకే. ఆమె ఎందుకొస్తది? ఇంట్లనే ఉంటది."

ఫౌజియా బ్యాగు కింద పెట్టేసింది. "అయితే నేను పోను అబ్బాజాన్."

"బస్సు టైమయితుంది. గీ లొల్లి గిప్పుడేనా?"

"కిరాయికిచ్చేటందుకా నేను చదివింది? మన షాపుల నేనే కూసుంట."

"మన షాపుకు దశరథం కాగితం ఉన్నది కదా. ఖాళీ రూముంటే కిరాయికియ్యమా? గంతే హిసాబ్."

మైమూనా బీ డబ్బా మూత గట్టిగా నొక్కింది. "రూముకు నోరుండదు. మొన్న దేవవ్వకు నువ్వు నొప్పుల గోలీ ఇయ్యబోతే, కడుపుల పుండున్నదా అని అడిగి ఆపింది ఎవరు? గోడనా?"

చాంద్ పాషా బదులు చెప్పేలోగా వీధిలో కేకలు వినిపించాయి. జగిత్యాలలో రాస్తారోకో, బస్సులు ఆగిపోయాయి.

"ముందు నీ పేరు ఎక్కనియ్ బేటీ. గోడ సంగతి నేను చూస్త," అని తల్లి కూతురిని చాంద్ పాషా స్కూటర్ వెనక ఎక్కించింది.

జగిత్యాలలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. అవతలి వైపు హైదరాబాదు బస్సు వెనక్కి తిరుగుతోంది. తెలిసిన మాస్టారు రాజనర్సు స్కూటర్‌కు అడ్డం వచ్చాడు.

"దవాఖాన కేసా చాంద్ భాయ్?"

అవునంటే చాలు, దారి ఇస్తారు. కానీ చాంద్ పాషా నోట వేరే మాట వచ్చింది. "కాదు సార్. మా బిడ్డ ఫార్మసిస్టు. రిజిస్ట్రేషన్‌కు పోతుంది."

అంతమందిలో అన్నాక ఆ మాట అతనికే కొత్తగా వినిపించింది.

"మంచిగయింది. ఏ షాపుల కూసుంటది మరి?"

గరిటెలు పట్టిన ఆడవాళ్లు, జెండాలు పట్టిన పిల్లలు ఫౌజియా వైపే చూశారు. వెనక సీట్లో ఆమె బ్యాగు గట్టిగా పట్టుకుంది. చాంద్ పాషా మనసులో లెక్క వేశాడు. గోడకు పెడితే కిరాయి వస్తుంది. కుర్చీలో పెడితే దేవవ్వలాంటి వాళ్లు బతికి మళ్లీ వస్తారు. అయినా ఫిరోజ్‌కు తను బేరం పెట్టింది తనది కాని సరుకు.

"నా షాపుల," అన్నాడు.

ఫౌజియా నుదురు అతని వీపుకు ఆనింది. చొక్కా తడిసింది.

"తొవ్వ ఇడువుండ్రి," అన్నాడు రాజనర్సు. "ఆ బస్సు ఆపుండ్రి. మన మందుల బిడ్డ పోతుంది."

కొన్నాళ్లకు గోడ మీద దశరథం అద్దం దిగింది, ఫౌజియాది ఎక్కింది. ఓ ఉదయం ఆఫీసరు వచ్చి, "ఫార్మసిస్టు ఏరి?" అన్నాడు.

"చాయ్‌కు పో..." అంటూనే చాంద్ పాషా నాలుక కరుచుకున్నాడు.

"నేనే సార్," అంటూ మందుల బీరువాల వెనక నుంచి ఫౌజియా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"చాయ్‌కు పోయేది నేను సార్," అన్నాడు చాంద్ పాషా. చెప్పులేసుకుని, రుమాలుతో కళ్లు ఒత్తుకుంటూ ఎదురుగా ఉన్న హోటల్‌కు నడిచాడు. "చాయ్ కట్టు. మా ఫార్మసిస్టుకు షక్కర్ జర ఎక్కువెయ్."