గుండ్లవాగు కుదుపు

మద్దిలేటి కారు ఎడమ మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా మోపి నొక్కి, చటుక్కున వదిలాడు. కారు పైకి లేచింది, ఒకసారి కిందికి దిగింది, నిలబడిపోయింది. ఒకటిన్నర ఊపు. స్ప్రింగులు బాగున్నాయని చెయ్యి చెప్పింది. గోడ మీది తెరలో, జిల్లా దారులనూ బళ్ళనూ కనిపెట్టే దారికన్ను మాత్రం పొద్దుటి వాక్యాన్నే చూపిస్తోంది. కుదుపు స్థలం గుండ్లవాగు కల్వర్టు, కారణం వాహన లోపం, కుదుపును మింగే నిశ్చలం తొమ్మిదో మెట్టుకు బిగించడానికి గడువు సాయంత్రం అయిదు. గడువు దాటితే బండికి తిరుగుడు అనుమతి రద్దు.

కారు హుసేన్‌బీది. వాగు అవతలి ఊళ్ళో సైన్సు టీచరు. రోజూ పోనూ రానూ అరవై రెండు కిలోమీటర్లు ఆ కారులోనే. రెండు నెలల కిందట ఆమె ఆటోనగర్‌లో మద్దిలేటి షెడ్డుకి వచ్చి వింత కోరిక కోరింది. నిశ్చలం బిగించిన కారు మలుపుల్లో పుట్టిలా తేలుతోందని, ఒకసారి కూతురితో సహా చేలోకి దిగబోయిందని, తనకు మెత్తదనం వద్దని, పట్టు కావాలని చెప్పింది. "నేను తిప్పితే తిరగల్ల, నిలబెడితే నిలబడల్ల" అంది. మద్దిలేటి ప్రాణం లేచొచ్చింది. పట్టు అనే మాట అతని షెడ్డులో వినపడి పదేళ్ళు దాటింది. వచ్చినవాళ్ళందరికీ పరుపు మీద కూర్చున్నట్టుండాలి, అంతే.

నిశ్చలం ఊడదీశాడు. పొట్టి స్ప్రింగులు, గట్టి డాంపర్లు వేశాడు. ముందు చక్రాల మధ్య, మలుపుల్లో బండి వాలకుండా పట్టే లావుపాటి కడ్డీ బిగించి, బుష్‌లన్నీ మార్చి, చక్రాల వరస సరిచేశాడు. కారు చెప్పిన మాట వినడం మొదలుపెట్టింది. గొడవ కూడా ఆ వారమే మొదలైంది. కల్వర్టు మీద ఎడమ ముందు చక్రం దిగబడి ఎగురుతోందని ఆమె, మిగతా బళ్ళు వేటికీ తగలని కుదుపు ఒక్కదానికే తగిలితే తప్పు ఆ బండిదేనని దారికన్ను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది యవ్వారం అనుకున్నాడు మద్దిలేటి. ఆడలేనిది ఎవరో, మద్దెల ఏదో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

అందుకే తెల్లవారుతూనే తను వెళ్ళి చూసొచ్చాడు. ఆమె కారులో దాటితే కుదుపు తగిలింది, పోయిన వారం కంటే లోతుగా. ఇంటికొచ్చి నిశ్చలం ఉన్న తన వ్యాను తీసుకుని దాటితే ఏమీ లేదు. వెన్న మీద పోయినట్టు పోయాడు. దిగి చూస్తే స్వయంపూత తారు నల్లగా, సన్నని పగులు కూడా లేకుండా మెరుస్తోంది. ఏ బీట పడినా రాత్రికి రాత్రి అదే పూడ్చుకుంటుంది కనుక పైన చూసి చెప్పడానికేమీ ఉండదు. పైన పటారం లోన లొటారమేమో కిందికి దిగి చూద్దామంటే నిండా కంపచెట్లు. నాలుగడుగులు దిగేసరికి యాభై ఆరేళ్ళ మోకాళ్ళు మొరాయించాయి. చూడవలసింది చూడకుండానే తిరిగొచ్చాడు. తప్పు బండిదా, దారిదా, లేక వయసు మీద పడి తన చేతికే భ్రమ పుట్టిందా? స్ప్రింగులు మూడుసార్లు విప్పి చూశాడు. మూడుసార్లూ బాగానే ఉన్నాయి, అతనికి భయం వేసింది.

మధ్యాహ్నం సర్కారు దారుల ఇన్‌స్పెక్టరు ఈరన్న నెల పరీక్ష కోసం ప్రమాణ బండిలో వచ్చాడు. నెలకోసారి ఆ బండిని పరీక్షించి ముద్ర వేసేది మద్దిలేటే. ఈరన్న మంచివాడు, మాట మెత్తన. పదకొండేళ్ళుగా జిల్లా దారులన్నీ తిరిగి సంతకం పెడుతున్నాడు. దారికన్ను లెక్కలో ఆ బండికి తగిలితేనే కుదుపు కుదుపు, తగలకపోతే కాదు. అది నడిచేది నిశ్చలం పదో మెట్టు మీద, అన్నిటికంటే మెత్తగా. ఒక్కసారి మొదటి మెట్టుకు దించి ఆ కల్వర్టు దాటి చూడమని మద్దిలేటి అడిగాడు. ఈరన్నకు కోపం రాలేదు, కంగారు వచ్చింది. మెట్టు మార్చితే ముద్ర పోతుందని, ముద్ర పోతే షెడ్డు మూతపడుతుందని అతనే గుర్తు చేశాడు.

"నిన్న గూడ పోయినా అన్నా దాని మీద. నిద్రొచ్చింది నాకు" అని నవ్వి, బండిని షెడ్డులో వదిలి భోజనానికి వెళ్ళాడు.

హుసేన్‌బీ ఒంటిపూట సెలవు పెట్టి వచ్చింది. కూతురు రిజ్వానాను బడిలోనే వదిలి, నాలుగింటి బస్సులో పంపమని చెప్పి వచ్చిందట. ఆమె ముఖంలో పోట్లాడే ఓపిక అయిపోయింది. రేపు కారు కదలకపోతే బడికి పోయే దారి లేదు.

"బిగించన్నా నిశ్చలం. తగలకుంటే చాలు నాకు" అంది.

మద్దిలేటి పెట్టె తెరిచి నిశ్చలం చేతిలోకి తీసుకున్నాడు. ఇది బిగిస్తే ఆ కల్వర్టు గురించి తెలిసే బండి ఇక భూమ్మీద ఉండదు. రేపటినుంచి ఈమె, ఆ ఎడమ సీట్లో పిల్ల హాయిగా తేలుతూ దాటుతారు. ఈ సాయంత్రం బస్సూ అట్లాగే దాటుతుంది. కింద ఏముందో అతనికి తెలియదు. ఏమీ లేకపోతే ఒక భ్రమ కోసం ముప్పై ఏళ్ళ షెడ్డును పోగొట్టుకున్న వెర్రివాడవుతాడు. మనసు అటూ ఇటూ పీకింది, ఎటూ తేలలేదు. తేలకుండానే పెట్టె మూసి, చక్రాల పలక మీద పడుకుని ప్రమాణ బండి కిందికి దూరాడు.

సీలు తెంపి నిశ్చలం మరలు నాలుగింటినీ పది నుంచి ఒకటికి తిప్పాడు. పైకొచ్చి చేసిన పనిని నెల పరీక్ష పత్రంలో వివరాల గడిలో ఉన్నదున్నట్టు రాసి ముద్ర వేశాడు. ఆ గడిని ఎవరూ చదవరని తెలుసు. అయినా దొంగతనంగా చేశాడని అనిపించుకోవడం అతనికి ఇష్టం లేదు. ఈరన్న రాగానే చెప్పబోయి మానుకుని, కల్వర్టు మీద నడకవేగంతో పొమ్మని మాత్రం అన్నాడు.

ఈరన్న బండి ఆటోనగర్ గేటు దాటకముందే గోడ మీద కుదుపు తగిలినట్టు మొదటి ఎర్రగీత వెలిగింది. వెంటనే ఇంకోటి. బజారు వీధి, పాలకేంద్రం మలుపు, రైల్వే గేటు, బండి పోయిన దారి పోయినట్టే ఎర్రబడుతోంది. హుసేన్‌బీ కుర్చీలోంచి లేచి ఇదేమిటని అడిగింది. మద్దిలేటి గీతలు లెక్కపెడుతున్నాడు.

ఫోను మోగింది. "ఏం చేసినావన్నా బండికి?" ఈరన్న గొంతు అదురుతోంది. "నడుము ఇరిగిపోతాంది."

"ఒకటో మెట్టుకు దించినా సార్. అది మీ రోడ్డే."

ఈరన్న ఫోను పెట్టేశాడు. తిట్టి వెనక్కి తిప్పుతాడనుకున్నాడు మద్దిలేటి. గోడ మీద గీత వాగువైపే సాగింది. నాలుగింటికి అవతలి ఒడ్డు చేరి ఆగింది. పది నిమిషాలు కదలలేదు.

మళ్ళీ ఫోను. ఈరన్న ఎగశ్వాసతో ఉన్నాడు. కంపలో పడి కిందికి దిగి చూశాడట.

"కింద మన్ను లేదన్నా. ఎడమపక్క గోడ కూలిపోయింది. పైన స్వయంపూత ఒకటే ఉండాది, దుప్పటి కప్పినట్ల. నిన్న నేను నిద్దరపోయింది దీని మీదనే." మళ్ళీ అందుకున్నాడు. "కల్వర్టు కాడ దారి మూసే గేటు పడ్డంలేదు. నా బండినే అనుమానిస్తాంది దారికన్ను. నీ జవాబు అడుగుతాందంట, చూడు."

గోడ మీద దారికన్ను అడుగుతోంది. ప్రమాణ వాహనంలో లోపమా, దారిలో లోపమా? మొదటిది నొక్కితే ఎరుపంతా చెరిగిపోతుంది, ముద్ర మిగులుతుంది. హుసేన్‌బీ అతని ముఖంలోకి చూస్తూ, బస్సు బయల్దేరి ఉంటుందని మాత్రం అంది.

మద్దిలేటి రెండోది నొక్కాడు.

ముద్ర రద్దయినట్టు ఆ క్షణమే వచ్చింది. ఆ ముద్రతో నడిచిన ప్రమాణ బండి చెల్లదని ఆ కింద వచ్చింది. ఆ బండిని చూసి పదకొండేళ్ళుగా వాహన లోపమని తేల్చిన తీర్పులేవీ చెల్లవని దాని కింద. ఎవరెవరివో బళ్ళ నంబర్లు గోడ నిండా పరుగెత్తసాగాయి. జిల్లాలో ఏ దారి మంచిదో ఏది కాదో దారికన్నుకు ఇక తెలియదు. గుండ్లవాగు గేటు పడిందో లేదో ఆ నంబర్ల వరదలో కనపడలేదు. హుసేన్‌బీ ఫోను లాక్కుంది.

"సార్, బస్సు యాడుంది? మా రిజ్వానా..."

"ఆగింది టీచరమ్మా. నా ముందరే ఆగింది. పిల్లోళ్ళు దిగుతాండారు" అన్నాడు ఈరన్న. "గేటు పడింది గానీ దాన్ని నేను నమ్మను. రోడ్డు మీద నేనే అడ్డం నిలబడినా."