కుండల పుట్టిల్లు

మా ఊరి పాటిగడ్డకు మంచి పేరు లేదు. పొద్దుగూకినంక అటు దిక్కు ఎవ్వరూ పోరు. గడ్డ లోపట ఎవరో పచ్చికుండను చెక్కతోని కొడుతున్నట్టు... ఆగి, మళ్ల కొడుతున్నట్టు వినొస్తదని మా అత్త చెప్పేది. ఎన్నడో, రాజులకంటే ముందటి మనుషులు, సచ్చినోళ్లను పెద్ద పెద్ద కుండలల్ల పెట్టి ఆడ పాతిండ్రట.

ఇది కుమ్మరి సంగప్పకు అయిన సంగతి. ఆయన పెండ్లాం దేవమ్మ నాకు జెప్పింది, నేను రాస్తున్న.

గడ్డను చదును జేసి కంపెనీ కడుతమన్నరు. సంగప్ప అడ్డం పడ్డడు. గవి మా పెద్దల కుండలు, లోపటియి మా పెద్దల బొక్కలు, పుర్రెలు అన్నడు. రుజువేంది అన్నడు గడ్డను సూడొచ్చిన సర్కారు ఆఫీసరు.

అప్పుడు పట్నం నుంచి, పాత కుండలను పరీక్ష జేసే జయశీల మేడమ్ వచ్చింది. గడ్డల దొరికిన కుండపెంకును నూరి మిషన్ల పెడితె అది ఏ మట్టిల పుట్టిందో తెలుస్తదట. మట్టికి గూడ పుట్టిల్లు ఉంటదని నాకు అప్పుడే ఎరుకయింది. పెంకు, మా చెరువు మట్టి ఒక్కటైతె గడ్డను ముట్టమని ఆఫీసరు మాటిచ్చిండు.

దేవమ్మ నవ్విందట — "కలిస్తె మీ తాతలు లేచొచ్చి నీకు బువ్వ పెడుతరా?"

సంగప్ప చెరువుల దిగి మట్టి తెచ్చిండు. అప్పటికే కంపెనీల నీళ్లు కలిసి చెరువు ఎర్రగయింది. ఆ మట్టి కుండకు నిలువక, ఆయన గూడ గడ్డపోతారంల మందుల కంపెనీల లోడింగ్ పనికి పోతున్నడు. తెచ్చిన చేతులు బొబ్బలెక్కినయి.

పెంకు, మట్టి కలువలేదు.

మేడమ్ మెల్లగ అన్నదట — "మీ చెరువు మట్టే మారిపోయింది, సంగప్పా. మందుల నీళ్లు అడుగుదాక దిగినయి."

సంగప్ప, తాత చేసిన గురిగి, చిన్న కుండ, పట్టుకపోయిండు. ఇది పాత మట్టిది, దీంతోని కలిపి సూడుండ్రి అన్నడు. మీ తాత మట్టి యాడికెల్లి తెచ్చిండో ఎవరు జూసిండ్రు అన్నడు ఆఫీసరు. ఈ కుండలు ఈ ఊరివి కావు — అని కాయితం రాసి దస్కతు పెట్టిండు. తెల్లారితె బుల్డోజర్.

ఆ రాత్రి సంగప్ప డ్యూటీ దిగి గడ్డ పక్కపొంటి వస్తున్నడు. కొట్టుడు సప్పుడు లేదు. ఆగిండు... గాలి గూడ లేదు.

చీకట్ల మనుషులు నిలవడ్డరు. ముసలోళ్లు... సంకల పిల్లలతోని తల్లులు... అందరి నెత్తుల మీద కుండలు. ఇల్లు ఖాళీ జేసి పొయ్యెటోళ్ల లెక్క.

ఒక ముసలామె ముందుకొచ్చింది. ఆమె మాట్లాడింది మా ఊరి మాటనే.

"మేం ఈడోళ్లం కాదంట గద, బిడ్డా... మరి ఎటు పోవాలె?"