సొన్నమ్మ పేరిట ఊయల

కాఫీ తాగుతూనే నాగేంద్రప్ప పెయింటరుకు ఫోన్ చేశాడు. "మా అమ్మ సొన్నమ్మ జ్ఞాపకార్థం అని పెద్దగా రాయప్పా. గేటు కాడ్నుంచే కనపడల్ల."

రాబర్ట్‌సన్‌పేట బజారులో బియ్యం అంగడి ఆయనది. ఏటా తల్లి తద్దినానికి ఊరి చివర దిక్కులేని పసిపిల్లల ఆశ్రమానికి ఏదో ఒకటి ఇస్తాడు. అక్కడ ఫ్యాన్ల రెక్కల మీద, బీరువా మీద, చివరికి నీళ్ల డ్రమ్ము మీద కూడా దాతల పేర్లే. కుడిచేతితో ఇచ్చింది ఎడమచేతికి తెలియకపోయినా ఊరికి మాత్రం తెలియాలి కదా! ఈ ఏడు టేకు ఊయల.

వారానికోసారి ఆ పిల్లలకు తలంటి రావడం ఆయన భార్య విశాలమ్మకు అలవాటు. దోసె పెనం దించి వచ్చింది.

"ఊయల వద్దండీ. ఆ దుడ్డు మునివెంకటమ్మకు జీతమియ్యండి. రాత్రిపూట బిడ్డల్ని చూసేది ఆమె ఒక్కతే. జీతం అందక మాలూరు ఫ్యాక్టరీకి పోతానంటా ఉండాది."

"జీతమిస్తే అమ్మ పేరు యాడ రాస్తారే? ఆమె వీపు మీదా?" అని నవ్వాడు.

విశాలమ్మకు ఒళ్లు మండింది. "అత్తమ్మ మంచాన పడినప్పుడు ఈ మునివెంకటమ్మనే కదా పెట్టినారు? ఆమె చెయ్యి పట్టుకుంటేగాని అత్తమ్మకు నిద్ర పట్టేది కాదు. మీ అమ్మకైతే మనిషి కావల్ల, దిక్కులేని బిడ్డకైతే కొయ్య చాలునా?"

"నోరు ముయ్యి! తద్దినం పెట్టుకొని మా అమ్మ మాట ఎత్తుతావా?"

గ్లాసు విసురుగా పెట్టి లేచిపోయాడు. తద్దినం దాకా ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు.

తద్దినం మరునాడు ఇద్దరూ ఆశ్రమానికి వెళ్లారు. కొత్త ఊయల మెరుస్తోంది. వార్డెన్ ప్రేమ ఏడుస్తున్న ఆడబిడ్డను చంకనేసుకుని వచ్చింది. నిద్రలేక ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మునివెంకటమ్మ పని మానుకొని మాలూరుకు పోయినప్పట్నుంచి ఇదే పాట సార్. ఎవురి దగ్గరా పండుకోదు."

ఫోటో కోసం బిడ్డను ఊయలలో వేశారు. గుక్కపట్టి ఏడుస్తూ, చేతులు కొట్టుకుంటూ, అందిన నాగేంద్రప్ప వేలు పట్టుకుంది. ఏడుపు కొంచెం తగ్గింది. వేలు తీయబోతే మళ్లీ కెవ్వుమంది.

ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. చివరి రోజుల్లో మునివెంకటమ్మ నీళ్లకని లేచినా అమ్మ ఇలాగే పట్టు వదిలేది కాదు. అది గుర్తొచ్చి ఆయన కళ్లు నిండిపోయాయి.

"విశాలా, ఆమెను పిలిపించు. జీతం నేనిస్తాను. పేరూ వద్దు, ఏమీ వద్దు."

"ఇప్పుడా?" అంది విశాలమ్మ. "నిన్ననే ఫోన్ చేసినాను. మాలూరులో పనిలో చేరిపోయింది, ఇల్లు కూడా తీసుకునింది. బిడ్డ తింటా ఉండాదా అని అడిగి ఏడ్చింది. ఇంగ రాలేనక్కా అనింది."

"అయితే ఇంగో మనిషిని చూడు."

"చూస్తాను. ఈ బిడ్డకు ఆమె కావల్ల కదండీ."

"సార్, ఇట్లా చూడండి," అన్నాడు ఫోటోగ్రాఫరు. "అమ్మగారి పేరు బాగా పడతా ఉండాది."

నాగేంద్రప్ప భుజం మీది తుండుగుడ్డ తీసి ఆ పేరు మీద కప్పేశాడు. నేల మీదే చతికిలబడ్డాడు. విశాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అంగడికి పొద్దుపోతా ఉండాది," అంది మెల్లగా.

"పోనీలే. బిడ్డ నిద్రపోనీ."

బిడ్డ నిద్రపోలేదు. ఆయన వేలు పట్టుకునే, గేటు చప్పుడైన ప్రతిసారీ అటు తల తిప్పి చూస్తూ ఉంది.