హర్షిత లాప్‌టాప్

చిలకలపూడిలో జీవానందం షాపంటే వేరే ఏముంది, ఇంటి ముందు గదే. గోడవారగా రిపేరుకొచ్చిన పాత లాప్‌టాపులు, కిటికీలోంచి పక్కిళ్లలో పెట్టే గిల్టు నగల మెరుగు వాసన. పనిమంతుడే, కాదనలేం. కాకపోతే ఎవరేం చెప్పినా ఎగతాళి చెయ్యందే ఆయనకు తిన్నది అరగదు. భార్య పోయాక మిగిలింది ఎనిమిదేళ్ల కూతురు సుచిత్ర ఒక్కతే. ఆ పిల్లే ఆయన లోకం.

ఆ మధ్యాహ్నం పెడన నుంచి వెంకటరత్నమ్మ వచ్చింది. కలంకారీ అద్దకం చేసి చేసి గోళ్లు నల్లబడిపోయిన ముసలావిడ. గుమ్మం బయటే నిలబడి, సంచిలోంచి ఓ బరువైన పాత లాప్‌టాప్ తీసి లోపలికి అందించింది.

"మా పన్నెండేళ్ల మనవరాలు హర్షితది బాబూ. ఆన్ చేస్తే చాలు, చెయ్యి పెట్టలేనంత కాలిపోయి ఆగిపోతోంది. దాని ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి."

"ఆ పాపని కూడా తీసుకురావాల్సింది. పాస్‌వర్డ్ చెప్పేది."

"జ్వరమొచ్చి పిల్ల చచ్చిపోయింది బాబూ. మా మైల ఇంకా తీరలేదు. దీన్ని ముట్టుకున్నాక తలకి పోసుకునిగానీ మీ పిల్లని తాకకండి."

జీవానందం నవ్వేశాడు. "మేం ప్రార్థన చేసుకునేవాళ్లమమ్మా. మాకు మైలా గియిలా ఉండవు."

ఆవిడ లోపల బొమ్మలకు రంగులేసుకుంటున్న సుచిత్రని కాసేపు చూసి వెళ్లిపోయింది.

జీవానందం అడుగు మూత విప్పాడు. ఫ్యాన్‌కీ వేడిని లాగే రాగిరేకులకీ మధ్య దుమ్ము గడ్డకట్టి ఉంది. పట్టుకుని లాగితే ఒకే ముక్కగా వచ్చింది. తడిగా ఉంది. చెమటా, సిరప్పూ కలిసిన వాసన... జ్వరం పడ్డ పిల్లల దిండు దగ్గర వచ్చే వాసన. మొహం చిట్లించి దాన్ని చెత్తబుట్టలో పడేశాడు. చిప్పు మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాడు. మిగిలిన దుమ్ము పోవాలని, అలవాటు ప్రకారం నోరు దగ్గర పెట్టి ఉఫ్‌మని ఊదాడు.

లోపలి నుంచి ఎవరో వేడిగా తిరిగి ఊదారు.

చటుక్కున వెనక్కి జరిగాడు. బ్యాటరీ తీసి పక్కనే పెట్టాడు కదా... ఫ్యాన్ కూడా తిరగట్లేదు. తన ఊపిరే ఎదురు తగిలిందని సర్దిచెప్పుకుని, అన్నీ బిగించి ఆన్ చేశాడు. చల్లగా నడిచింది. తన పనికి తనే మురిసిపోయి, ఆ చేతులతోనే వెళ్లి సుచిత్ర బుగ్గ గిల్లాడు.

చీకటి పడేలోగా పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోయింది. ఇంజెక్షన్ చేయించాడు. రాత్రంతా తడిగుడ్డలు వేశాడు. మోకాళ్లమీద పడి ఏడ్చాడు. మర్నాటికీ దిగలేదు. విజయవాడ తీసుకెళ్లమన్నాడు డాక్టరు. కారు కోసం ఎదురుచూస్తూ వెంకటరత్నమ్మకు ఫోన్ చేశాడు.

"తప్పయిపోయిందమ్మా. మీ మాట వినలేదు. వచ్చి మీ లాప్‌టాప్ తీసుకెళ్లిపోండి."

"ఇప్పుడది చల్లగా ఉందా?"

"ఉంది. నా బిడ్డ కాలిపోతోందమ్మా..."

"మా పిల్ల ఇన్నాళ్లూ అందులో ఉడికిపోయింది బాబూ," అందావిడ మెల్లగా. "మళ్లీ దాన్ని అందులో తొయ్యమంటారా?" ఫోన్ పెట్టేసింది.

జీవానందం మనసు రాయి చేసుకున్నాడు. ఎవరి పిల్ల ఏమైపోతే తనకేం, తన పిల్ల బతకాలి. చెత్తబుట్ట బోర్లించి ఆ దుమ్ముగడ్డ వెతికాడు. ఇంకా తడిగానే ఉంది. లాప్‌టాప్ విప్పి, బ్యాటరీ పీకేసి, గడ్డని ఫ్యాన్ పక్కన కుక్కాడు.

బ్యాటరీ లేకుండానే లాప్‌టాప్ వేడెక్కింది. లోపలి గదిలోకి పరిగెత్తాడు. సుచిత్ర నుదుటిమీద చెమట పట్టింది. ఒళ్లు చల్లబడుతోంది. "స్తోత్రం ప్రభువా..." అంటూ పిల్ల పాదాలమీద తల పెట్టుకుని ఏడ్చాడు.

పిల్ల కళ్లు తెరిచింది. కాళ్లు వెనక్కి లాక్కుంది.

"మీరెవరండీ?" అంది. "మా అమ్మమ్మ ఏది?"

అంతలో షాపు గదిలోంచి సన్నగా మూలుగు.

"నాన్నా... కాలుతోంది నాన్నా..."

పడుతూ లేస్తూ వెళ్లాడు. స్క్రీన్ నల్లగా ఉంది. అడుగు మూత తెరిచే ఉంది. దుమ్ముగడ్డ కోసం వేళ్లు పెట్టి తడిమాడు, వేడికి చర్మం ఊడివచ్చింది. అక్కడ గడ్డ లేదు. రాగిరేకులు కడిగినట్టు మెరుస్తున్నాయి. ఏం తియ్యాలో, ఎక్కణ్ణుంచి తియ్యాలో ఆయనకు తెలియలేదు.

గుమ్మం బయట వెంకటరత్నమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. పిల్ల జీవానందాన్ని దాటుకుని వెళ్లి ఆవిడ నడుం చుట్టేసుకుంది. "వచ్చేశావా నా తల్లీ," అంటూ ముసలావిడ దాని జుట్టులో మొహం దాచుకుంది.

"నాన్నా..." అంటూనే ఉంది సుచిత్ర గొంతు, రేకుల సందులోంచి.

దాని వెనకే ఇంకో గొంతు. కాస్త పెద్దపిల్లది. ఆయాసపడుతూ...

"అమ్మమ్మా... దాన్ని ఇంటికి తీసుకెళ్లకు. అది నేను కాదు."