ఎనిమిదో కిలోమీటరు

పారాషూట్ ఇంజనీరు రామానుజం శవం అడిలైడ్ బీచ్‌లో దొరికిన మర్నాడు పొద్దున్నే అజ్మత్‌కి పిలుపొచ్చింది.

బీచ్ పక్క పార్కులో లలితకుమారి ఆంటీ బార్బెక్యూ పొయ్యి మీద చికెన్ కాలుస్తోంది. చూసినవాళ్లు రిటైరైన లెక్చరర్ అనుకుంటారు. ఆస్ట్రేలియాలో ఢిల్లీ పంపిన ఏజెంట్లందరికీ ఆవిడే బాస్.

"రామానుజం మునిగిపోలేదు నాయనా. ముంచేశారు," అంది మెల్లిగా. "శుక్రవారం ఎడారిలో అతని కంపెనీ ప్రైవేట్ రాకెట్ ఎగురుతుంది. మనిషిని కూర్చోబెట్టి పంపడం వాళ్లకిదే ఫస్ట్ టైమ్. పైలట్ మనవాడే, నెల్లూరు కృష్ణమూర్తి. అతను చస్తే ప్రాజెక్ట్ క్లోజ్. పోటీ కంపెనీల సిండికేట్‌కి కావాల్సిందదే."

"నా కవర్?"

"వైటూకే కన్సల్టెంట్. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయని అందరికీ భయమేగా. ఈ డిసెంబర్‌లో ఆ మాటంటే ఏ తలుపైనా తీస్తారు. లోపల మన మనిషుంది. గోంగూర ఎక్కడ దొరుకుతుందని అడుగు. 'సీజన్ అయిపోయింది' అంటే ఆవిడే."

ఆ జవాబు చెప్పింది శ్యామసుందరి, కంపెనీ పీఆర్ మేనేజర్. నల్ల కళ్లద్దాలు, పచ్చ పట్టు స్కార్ఫ్. ఎర్రమట్టి ఎడారిలో, నలభై నాలుగు డిగ్రీల ఎండలో కూడా ఆమె చుట్టూ విలేకరులు మూగేవారు. రెండు రోజులు అజ్మత్ ఆమెతో కాఫీ తాగాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపే తాగాడు.

శుక్రవారం ఉదయం కౌంట్‌డౌన్ నడుస్తుండగా గేటు రికార్డు చూశాడు. కారిడార్‌లో ఆమెకి అడ్డం నిలబడ్డాడు.

"రామానుజం చివరిసారి ఎక్కింది నీ కారు."

ఆమె కళ్లద్దాలు తీసింది. "సిండికేట్ వాళ్లు మాట్లాడి పంపిస్తామన్నారు. చంపుతారని తెలీదు అజ్మత్."

"నువ్వెవరి మనిషివి?"

"ఇద్దరి మనిషినీ." "పారాషూట్ టైమర్ చిప్ మార్చేశారు. దానంతటది తెరుచుకోదు. ఎనిమిది కిలోమీటర్ల ఎత్తుకి దిగాక పైలట్ చేత్తో లీవర్ లాగాలి. కార్లో రామానుజం గారే చెప్పారు, పైలట్‌కి చెప్పమని బతిమాలారు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"భయం. ఫ్లైట్ డైరెక్టర్ గ్రెగ్ వాళ్లవాడే. అతనికి అర్థమైతే ఆ లీవర్‌ని ఇక్కడి నుంచే లాక్ చేస్తాడు."

నేల దద్దరిల్లింది. రాకెట్ లేచింది.

ఆమె అబద్ధమాడుతుంటే? పై ఎత్తులో, పట్టరాని వేగంలో లాగితే పారాషూట్ చిరిగిపోతుంది. అప్పుడు కృష్ణమూర్తిని చంపింది అజ్మతే అవుతాడు. కంట్రోల్ రూమ్‌లో నిలబడి, తెర మీద ఎత్తు చూపే కిలోమీటర్ల అంకెలు పెరిగి, ఆగి, తగ్గడం మొదలయ్యేదాకా నిర్ణయించుకోలేకపోయాడు. ముప్ఫై. ఇరవై. ఎదురుగా ఆమె నిశ్శబ్దంగా ఏడుస్తోంది.

పదకొండు దగ్గర ఆపరేటర్ చేతిలోంచి మైక్ లాక్కున్నాడు.

"కృష్ణమూర్తి గారూ, ఆటోమేటిక్ నమ్మొద్దు. ఎనిమిది దగ్గర చేత్తో లాగండి. తెలుగులోనే మాట్లాడండి."

"ఎవరయ్యా నువ్వు?"

"గుంటూరు అజ్మత్ని. రామానుజం గారు చెప్పమన్న మాటిది."

"ఏమంటున్నాడు వీడు?" ఇంగ్లీషులో అరిచాడు గ్రెగ్.

"హ్యాపీ న్యూ ఇయర్ చెబుతున్నా," అన్నాడు అజ్మత్, ఇంగ్లీషులోనే.

గ్రెగ్ నమ్మలేదు. లాక్ స్విచ్ మీదికి దూకాడు. శ్యామసుందరి అతనికన్నా ముందే ప్యానెల్ మీద పడి, రెండు చేతులతో స్విచ్‌ని కప్పేసింది. అతను జుట్టు పట్టి లాగినా వదల్లేదు.

ఎనిమిది. ఏడున్నర.

"తెరుచుకుందయ్యా!" అని రేడియోలో వినిపించాక అజ్మత్ మైక్ ఆపరేటర్‌కి తిరిగిచ్చాడు.

సాయంత్రం పోలీసులు గ్రెగ్‌నీ, శ్యామసుందరినీ వేర్వేరు కార్లలో తీసుకెళ్లారు. "రామానుజం గారి భార్యకి ఏం చెబుతావు?" అని కారెక్కేముందు అడిగింది ఆమె. ఆ ప్రశ్న ఇప్పటికీ అజ్మత్‌ని వదల్లేదు.

వారం తర్వాత కంపెనీ నుంచి లెటరొచ్చింది: తమ సిస్టమ్స్‌లో ఏ లోపమూ కనిపెట్టలేకపోయినందున, కన్సల్టెంట్ గారి సేవలు ఇక అవసరం లేదట.