సౌండు లేని వంట

ఎదురుగా ఉన్న మందుల షాపులో కొత్తగా చేరిన అమ్మాయి రోజూ నాలుగింటికి నన్నే చూస్తోందని పదకొండు రోజులు గట్టిగా నమ్మాను. పన్నెండో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రోడ్డు దాటి వెళ్ళి, తలనొప్పి మాత్రలు రెండు అడిగాను.

ఆమే మాట కలిపింది. "మీరు టీవీ షోరూంలో పనిచేస్తారు కదండీ?"

కాలరు సర్దుకున్నాను. "అవునండీ. మీరు చూస్తుండటం నేనూ గమనించాను."

"గమనించారా! మరి పక్కకి జరగరేం? సరిగ్గా నాలుగయ్యేసరికి ఆ పెద్ద టీవీకి అడ్డంగా నిలబడతారు. మీ భుజం మీదుగా నాకు సగం బాణలే కనపడుతోంది."

తలనొప్పి నిజంగానే మొదలైంది.

ఆమె చూసేది నాలుగింటికొచ్చే వంటల ప్రోగ్రాం. అందులో ఒక గుండు చెఫ్ సూపుని గడ్డ కట్టిస్తాడు, నిమ్మరసాన్ని నురగ చేస్తాడు, బంగాళాదుంపతో గాజు పలకలాంటిది చేసి సుత్తితో పగలగొట్టి మరీ వడ్డిస్తాడు. మా షోరూంలో టీవీలన్నీ మ్యూట్‌లోనే ఉండాలని మేనేజరు రూలు. అంటే ఈ అమ్మాయి రోడ్డుకి అవతల నుంచి, సౌండు లేకుండా, నా భుజం చాటున వంట నేర్చుకుంటోందన్నమాట.

"ఫోన్లో చూసుకోవచ్చుగా?" అన్నాను ఉక్రోషంగా.

"ఫోన్లో వారం తర్వాతొస్తుందండీ. ఈలోపు మా నాన్న ఇంకో కిలో తగ్గుతారు."

నాలుగు నెలల కిందట జ్వరం వచ్చి తగ్గాక ఆయనకి వాసనా రుచీ రెండూ పోయాయట. ఏం పెట్టినా మట్టి నమిలినట్టుందని రెండు ముద్దలకే లేచిపోతున్నాడట. తిరిగొస్తాయో రావో డాక్టర్లు చెప్పలేకపోతున్నారట.

"ఈ చెఫ్ రుచి ఒక్కటే చూడడండీ. చల్లగా ఉందా, కరకరలాడుతోందా, చప్పుడొస్తోందా అని చూస్తాడు. ఏదో ఒకటి పనిచెయ్యకపోతుందా అని నా ఆశ."

ఈ మాటలంటున్నంత సేపూ ఆమె నా వైపు చూడలేదు. మాత్రల అట్టని కత్తిరిస్తూనే ఉంది. నేనడిగినవి రెండు మాత్రలు, ఆమె చేతిలో ఆరు ముక్కలయ్యాయి.

నాకు ఆమె మీద ఇష్టం మొదలైంది అక్కడే. అంతకు ముందున్నది నా మీద నాకున్న ఇష్టం.

మర్నాడు పెద్ద టీవీని పూర్తిగా రోడ్డు వైపున్న అద్దం కేసి తిప్పాను. సౌండు ఒకటి మీద పెట్టి, దుమ్ము తుడుస్తున్నట్టు నటిస్తూ స్పీకరుకి చెవి ఆనించాను. చెఫ్ చెప్పింది అట్టపెట్టె ముక్కల మీద మార్కరుతో పెద్దగా రాసి అద్దానికి చూపించాను. "సన్నని మంట." "రెండు చెంచాలు. చిన్నవి."

అవతల నుంచి బొటనవేలు పైకి లేచింది.

వారం గడిచేసరికి నా అట్టలకి కొమ్ములొచ్చాయి. "నూనె బాగా కాగాలి. మీ డ్రెస్సు బావుంది." ఆమె కూడా ఒక అట్ట వెతుక్కుంది. "వంట మీద శ్రద్ధ పెట్టండి, టీవీగారూ."

రోజూ పొద్దున షట్టరు ఎత్తుతూ రోడ్డు మీంచే అడిగేవాణ్ణి. "నాన్నగారు తిన్నారా?"

"బావుందమ్మా అన్నారు. ప్లేటు మాత్రం అలాగే ఉంది."

ఒకరోజు చెఫ్ "ఇవాళ బాగా చప్పుడు చేసే పలక చేద్దాం" అన్నాడు. అట్ట మీద అది రాసి చూపించానో లేదో, టీవీ కొనడానికి మొగుడూ పెళ్ళాం వచ్చారు. పెట్టె తెమ్మని మేనేజరు నన్ను గోడౌనుకి తరిమాడు. నేనటు వెళ్ళగానే ఆ మొగుడుగారు రిమోటు తీసుకుని ఛానల్ మార్చేశాడు.

వచ్చింది ఇళ్ళ రిపేర్ల ప్రోగ్రాం. కెమెరా నిండా చేతులే. ఒక గిన్నె, తెల్లటి పొడి, నీళ్ళు, వెడల్పాటి రేకు, నమూనాకి ఓ పలక మీద రెండు పూతలు. సుత్తితో వడ్డించే చెఫ్‌ని చూసిన అమ్మాయికి అనుమానమెందుకొస్తుంది? నేను తిరిగొచ్చేసరికి ఆ చేతులు ఆ ముద్దని గోడకి పులుముతున్నాయి. ఎదుటి షాపులో ఆమె లేదు. గోడ దాకా చూడకుండానే, రాసుకున్నది పట్టుకుని డ్యూటీ దిగి వెళ్ళిపోయింది.

అన్ని రోజులు అట్టల మీద కబుర్లాడానే గానీ ఫోన్ నంబరడిగే తెలివి లేకపోయింది నాకు.

మర్నాడు షాపు తెరవగానే ఒక సన్నటి పెద్దాయన వచ్చాడు. "అట్టల మీద రాసే కుర్రాడెవరయ్యా?"

మేనేజరు ఆనందంగా నన్ను చూపించాడు.

"నేను ఆ మందుల షాపు అమ్మాయి నాన్నని. నలభై ఏళ్ళు తాపీమేస్త్రీగా చేశాను. నిన్న మా అమ్మాయి నా కళ్ళెదుట పిండి కలిపి, పళ్ళానికి గోడకి పూసినట్టు పూసి, ఆరబెట్టి, మళ్ళీ పూసి ఓవెన్లో పెట్టింది. రెండో పూత అడ్డంగా లాగాలని నేనే చెప్పాల్సొచ్చింది."

"తప్పంతా నాదేనండీ."

"ముందు విను. కొరికితే పెంకు పగిలినట్టు తల లోపల ఫెళ్ళుమంది. రుచి మట్టే. కానీ ఏదో తింటున్నానని నాలుగు నెలల తర్వాత తెలిసింది. రెండు పలకలు తిన్నాను. గోడని తింటున్నానని నవ్వి నవ్వి నాకు పొలమారింది. మా అమ్మాయేమో ఏడుపు లంకించుకుంది."

నా కళ్ళు కూడా మసకబారాయి. ఆయన గొంతు తగ్గించాడు. "డ్రెస్సు బావుందని కూడా రాశావటగా?"

"రాశానండీ. ఆమె అంటే నాకు చాలా ఇష్టమండీ. ఇంకా చెప్పలేదు."

"అయితే ఆదివారం భోజనానికి రా. నాకేమైనా తెలుస్తుందేమోనని అది అన్నిట్లో ఉప్పు పెంచుకుంటూ పోతోంది. వారానికో డబ్బా అయిపోతోంది. దాని నాలుకా మొద్దుబారింది. నేను బావుందమ్మా అని అబద్ధమాడతాను, అది నమ్మినట్టు నటిస్తుంది. మా ఇంట్లో నిజం చెప్పే మనిషి లేడు బాబూ."

ఆదివారం ఆమె నా ముందు సూపు పెట్టి, గరిటె పట్టుకునే నిలబడింది. పెద్దాయన పలకలు ఫెళఫెళా విరుస్తున్నాడు.

"ఎలా ఉంది?"

నచ్చని టీవీని కూడా అద్భుతమని అమ్మే నోరు నాది. ఒక్క అబద్ధంతో గట్టెక్కేవాణ్ణి. ఆమె మొహం చూశాక ఆ అబద్ధం ఆడలేకపోయాను.

"ఉప్పు చాలా ఎక్కువైందండీ."

ఆమె గరిటె కింద పెట్టేసింది. నా పని అయిపోయిందనుకున్నాను. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఇంకా?"

"ఇంకా... మీరంటే నాకిష్టం."

"అది మొదటి అట్టకే తెలిసింది. నేనడిగేది వంట గురించి."

"సూపు పల్చగా ఉంది."

"రేపు చిక్కగా చేస్తాను. వచ్చి చెప్పు."

"ఎల్లుండి?"

"రోజూ రా," అంది, చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ.

"ఏమిటీ, నాలుగు నెలలుగా నేను తింటున్నది ఇంత ఉప్పా!" అన్నాడు పెద్దాయన, ఏమీ ఎరగనట్టు. ముగ్గురం పగలబడి నవ్వాం. ఆ రోజు ఆ ఉప్పు సూపు నేను మూడు గిన్నెలు తాగాను.